కింద ఎవరూ లేరు

ఈ సాయంత్రం పొయ్యి మీది సంగటి దించి వెనక్కి తిరిగితే మా పాప నా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి నా వీపునే చూస్తూ నిలబడిందో తెలియదు. హిందూపురంలో ఈ అద్దె ఇంటికి వచ్చి నాలుగు నెలలవుతున్నా, మూడేళ్ళ నా బిడ్డ అడుగుల చప్పుడు ఈ ఇంట్లో నేనింతవరకూ వినలేదు. ఇప్పుడది పడుకున్నాక, రేపు పొద్దున మా ఆయనకు చెప్పాల్సిన జవాబు తేల్చుకోలేక ఇది రాసుకుంటున్నాను.

ధర్మవరంలో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళకు చప్పుడు గురించి చెప్పాల్సిన పని లేదు. మా నాయన మగ్గం గుంటలో కూర్చున్నాడంటే పక్కింట్లో, ఎదురింట్లో, వీధి చివరిదాకా అదే టకటక. నేను పదో తరగతి లెక్కలూ డిగ్రీ పుస్తకాలూ ఆ మోతలోనే చదివాను, పండగనాడు మగ్గాలు ఆగితే నాకు నిద్ర పట్టేది కాదు. మా అవ్వకు చూపు మందగించినా, వాకిట్లో అడుగు పడగానే వచ్చింది నాయనో, పట్టు తెచ్చే మనిషో, బడి ఎగ్గొట్టిన నేనో చెప్పేసేది.

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయనను రెండేళ్ళకని కొరియాకు పంపితే మేమూ వెంట పోయాం, అప్పటికి పాపకు ఇంకా ఏడాది నిండలేదు. ఆ దేశపు సుఖాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కరెంటు ఒక్కసారి పోలేదు. పాపను బండిలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పినా ఒక్క గుంత తగల్లేదు. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి నిలబడిన నేను, ఏ వేళ తిప్పినా నీళ్ళొచ్చే ఆ కొళాయి కింద చెయ్యి పెట్టుకుని మొదటి నెలంతా ఊరికే నిలబడేదాన్ని.

పాప నడక మొదలుపెట్టిన వారంలోనే మా తలుపుకు ఒక చీటీ అంటించి కనిపించింది. ఫోనుతో చదివించుకుంటే, కింది ఇంటివాళ్ళు అడుగులు మెల్లగా వేయమని ఎంతో మర్యాదగా వేడుకున్నారు. తరువాత ఇంకో రెండు వచ్చాయి. ఆయన ఉద్యోగానికి మాట వస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఇల్లంతా మందపాటి చాపలు పరిచాను, పాప గజ్జెలు విప్పి డబ్బాలో దాచాను, అది మడమ ఆనించినప్పుడల్లా నేల వైపు చూపించి పెదవుల మీద వేలు పెట్టేదాన్ని. అట్లా దానికి మునివేళ్ళ మీద నడవడం నేర్పాను. చీటీలు ఆగిపోయాయి. బాగా నేర్చుకున్నామని లోలోపల గర్వపడ్డాను కూడా.

తిరిగి వచ్చేముందు, ఇన్నాళ్ళూ ఓర్చుకున్నందుకు ఒక మాట చెప్పుకుందామని పళ్ళ బుట్ట పట్టుకుని కిందికి పోయాను. ఎన్నిసార్లు గంట నొక్కినా ఎవరూ తలుపు తీయలేదు. కాపలా ఆయన ఫోనులో రాసి చూపించాడు, వాళ్ళు ఏడాది క్రితమే ఖాళీ చేసి పోయారట, ఆ ఇంట్లో ఎవరూ లేరట. ఏడాదిపాటు మేము ఎవరి నిద్ర చెడకుండా నడిచామో అనుకుంటూ బుట్టతో పైకి వచ్చాను. వచ్చి, ఇంట్లో మళ్ళీ మెల్లగానే నడిచాను.

మొన్న ధర్మవరం పోయినప్పుడు, పాప పక్కన వచ్చి కూర్చున్నది తెలియక, చెయ్యి తగిలి అవ్వ ఉలిక్కిపడింది. "ఏమ్మే, బిడ్డ వస్తాండాదో పోతాండాదో తెలీకుండా ఉండాది. పిల్లి గూడా ఇంతకన్నా మేలు," అని నవ్వబోయి ఆగిపోయింది. నేను అక్కడి సుఖాలన్నీ ఏకరువు పెడితే ఓపిగ్గా విని, "అంత సుఖమున్న దేశంలో బిడ్డ కాలు కింద పెట్టేదానికి చోటు ల్యాకపాయనా?" అంది. మరునాడే పెద్ద మువ్వల గజ్జెలు తెప్పించి తన చేత్తో కట్టింది. పాప ఒక అడుగు వేయగానే ఘల్లుమన్నాయి. అది వెంటనే నా ముఖం వైపు చూసింది. ఆ పూటంతా మూలన కూర్చుని పాదాలు కొంచెం కొంచెం కదిలించి చూసుకుంటూ ఉండిపోయింది. సాయంత్రానికి ఒక్క మువ్వ మోగకుండా ఇల్లంతా తిరిగింది.

ఇప్పుడు ఆయనను మళ్ళీ మూడేళ్ళు అక్కడికే పొమ్మంటున్నారు. "నువ్వు ఊ అంటేనే. పొద్దున్నే చెప్పల్ల," అన్నాడు. వాకిట్లో ఖాళీ డ్రమ్ములు చూసినప్పుడల్లా నా మనసు ఆ కొళాయి వైపే లాగింది. అందుకే, పాప నడక మారితే ఊ అందామని, సంగటి దించాక దాన్ని హాల్లోకి తీసుకుపోయి, మనది కింది అంతస్తే, మన కింద ఇల్లు లేదు, మట్టే ఉంది అని చెప్పి, కాలెత్తి బండ మీద గట్టిగా కొట్టాను. అది బోర్లా పడుకుని బండకు చెవి ఆనించింది. చాలాసేపు విన్నది. లేచి, పెదవుల మీద వేలు పెట్టి నన్ను చూసింది.

వద్దనే చెబుతాను. ఆ దేశం మీద నాకేమీ కోపం లేదు. చీటీలు రాసింది వాళ్ళైనా, ఆ నడక నేర్పింది నేను. మా అవ్వ అడుగును బట్టి మనిషిని పోల్చేది, నేను నా బిడ్డ ఇంట్లో ఎక్కడుందో గదిగదికీ పోయి వెతుక్కుంటున్నాను. గజ్జెలతోనే పడుకుంది. పక్క మీద అటూ ఇటూ దొర్లినప్పుడైనా మోగుతాయని తలుపు తెరిచి పెట్టి వింటున్నాను. దుప్పటి కదలడం వినిపిస్తోంది. మువ్వలు మాత్రం మోగడం లేదు.