తాత వీపు మీద ఎలెవ్

మా తాత కదిరప్ప లెక్కలో పని తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. గడ్డం గీసుకునేటప్పుడు ఆ మనిషిని రోజూ అద్దంలో చూసుకునేవాడు. కదిరి వైపు నుంచి బెంగళూరు కె.ఆర్.పురం వచ్చి మేస్త్రి అయ్యాక ఇంజనీర్లందరూ ఆయన కంటికి ఒట్టి ఇస్త్రీ చొక్కాలు. తాను పని నేర్పిన జోగయ్య తాపీ పట్టుకున్న మేక.

2003లో బొమ్మసంద్రలో స్వీడన్ వాళ్ళ ఫ్యాక్టరీకి గచ్చు పని వచ్చింది. సిమెంటు కాదు, డబ్బాల్లో వచ్చే రసాయనాలు కలిపి పరిచే గచ్చు. వాళ్ళ దొర దగ్గర నేర్చుకోవాలి, బాగా పరిచినవాడే మేస్త్రి. నేర్చుకునేవాళ్ళకు నారింజ రంగు కోట్లు ఇచ్చారు. వీపు మీద పెద్దక్షరాలతో 'ఎలెవ్' అని ఉంది.

శిష్యుడని అర్థమని ఇంజనీరు వరూధిని చెప్పింది. ఫ్రెంచి వాళ్ళ మాటట. స్వీడన్, డెన్మార్క్, నార్వే అరువు తెచ్చుకున్నాయట. రుమేనియాలో బడిపిల్లల్నీ అదే అంటారట.

"ఇన్ని దేశాలు తిరిగి కడాకు నా వీపే దొరికిందా దానికి?" అన్నాడు తాత.

కోటు తిరగేసి తొడుక్కున్నాడు. మా మేస్త్రీల్లో గురువు చేతిలో ఆకూ వక్కా పెట్టి దండం పెడితేనే శిష్యుడు. తాత దొరకు ఆకూ వక్కా ఇవ్వలేదు కాబట్టి శిష్యుడు కాడు. శిష్యుడు కాడు కాబట్టి దొర మాట వినక్కర్లేదు.

పరిచాక తడి తగలకూడదని దొర చెప్పాడు. నీళ్ళు కట్టని గచ్చూ ఒక గచ్చేనా అని, అందరూ వెళ్ళాక తాత తన వంతు జాగా చుట్టూ ఇసుక కట్ట పోసి బిందెలతో నీళ్ళు నింపాడు. ఇంటికొచ్చి మా అవ్వ మునిలక్ష్మికి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

పొద్దున చూస్తే గచ్చు తెల్లగా పాలిపోయి బొబ్బలెక్కింది. పక్కన జోగయ్య పరిచింది మెరుస్తోంది. అందులో తాత మొహం చక్కగా కనబడింది.

జోగయ్య మేస్త్రి అయ్యాడు. చెడింది గీకేసి, జోగయ్య చేతికింద మళ్ళీ పరిస్తేనే పనిలో ఉండొచ్చని వరూధిని తాతకు చెప్పింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

"అంతా తెలిసినోడివి, గచ్చుకు బొబ్బలు తెప్పిస్తివి. కోటు సరిగ్గా తొడుక్కోని పో" అంది అవ్వ.

మర్నాడు అక్షరాలు బయటికి కనబడేలా కోటు తొడుక్కుని, ఆకూ వక్కాతో జోగయ్య ముందు నిలబడ్డాడు. జోగయ్య వెనక్కి జరిగాడు.

"నాకేల మేస్త్రీ ఇది?"

"పట్టుకోప్పా. చెయ్యి నొస్తాంది."

సాయంత్రం ఇంటికొచ్చి, జోగయ్యకు నేర్పడం చేతకాదని అవ్వతో తేల్చేశాడు. కోటు మాత్రం పడుకునేదాకా విప్పలేదు.