స్నానం చేయని కేకు

ఆ వీధిలో ఎవరింట్లో పిల్లల పుట్టినరోజు జరిగినా కేకు మీద మేస్త్రి చెయ్యి పడాల్సిందే. రొట్టెల దుకాణం వెనక గదిలో, భట్టీ ముందు నిలబడే ఆ మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. మేస్త్రి అంటే మాత్రం పిండి కలుపుతూనే "ఆఁ" అంటాడు. చుట్టుపక్కల పిల్లల్లో అతని కేకు తిని వేళ్ళు నాక్కోని పిల్ల లేదు. ఉంది, ఒకతె ఉంది. ఆ ఒకతే అతని సొంత కూతురు.

ఆ పిల్ల పుట్టినప్పుడు మరీ గుప్పెడంత ఉంటే, "ఇదేంటి, చిటికెడు ఉప్పంత ఉంది!" అన్నాడు మేస్త్రి. అలా పిల్ల పేరు చిటికె అయి కూర్చుంది. తల్లిపాలు మాని అన్నం ముట్టే వయసొచ్చాక, మొదట రొట్టె మెత్తని భాగం పాలల్లో నానబెట్టి తన చేత్తోనే పెట్టాడు. పిల్ల లొట్టలేసుకుంటూ తింటుంటే, "రొట్టెల మేస్త్రి కూతురంటే ఏమనుకున్నారు మరి!" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. పిల్లకి పొట్ట ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయ్యాయి, తిన్నది తిన్నట్టు బయటికొచ్చేసేది. పళ్ళొస్తున్నాయని పక్కింటావిడ అంది. నీళ్ళు పడలేదని ఇంకెవరో అన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు.

చివరికి డాక్టరమ్మ రక్తం తీయించి, లోపలికి గొట్టం వేసి చూసి, సీలియాక్ అని చెప్పింది. "గోధుమలో ఉండే ఒక పదార్థం మీ పాప పేగులకి సరిపడదు. మైదా అయినా, రవ్వ అయినా, బార్లీ అయినా అంతే. దీనికి మందు లేదు, తినకపోవడమే మందు. కాస్తంత కాదు, రేణువు కూడా పోకూడదు."

"కొంచెం పెద్దయ్యాక తగ్గుతుందిగా డాక్టరుగారూ?" అన్నాడు మేస్త్రి.

"తగ్గదు. జీవితాంతం ఇంతే," అంది ఆవిడ, మెల్లగానే.

ఇంట్లోంచి గోధుమన్నది గడప దాటి వెళ్ళిపోయింది. చిటికె తల్లి బస్టాండులో టికెట్లిచ్చే గదిలో పనిచేస్తుంది, చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. డబ్బాలన్నీ తోమింది, జల్లెడలు పారేసింది, గరిటెలు కొత్తవి కొంది. అయినా పిల్ల కడుపు కుదుటపడలేదు. దాంతో అనుమానం పిల్ల వెళ్ళే బాలవాడి మీదకి పోయింది. అక్కడి ఆయమ్మ మైదాపిండికి రంగులు కలిపి, ముద్దలు చేసి పిల్లలకి ఆటకిస్తోందని తేలింది. చిటికె ఆ ముద్దలు తినదు సరే, చేతులు నోట్లో పెట్టుకోదా? సంగతి తెలిసిన పూటే ఆయమ్మ ఆ ముద్దలన్నీ బయట పారేసి, బియ్యప్పిండితో కొత్తవి చేసింది. టీచరమ్మ కిటికీ పక్కన చిన్న బల్ల వేయించింది. అందరూ పొడుగు బల్ల దగ్గర తింటారు, చిటికె కిటికీ బల్ల దగ్గర తన డబ్బా తను తింటుంది. ఇంత చేసినా పిల్ల మొహంలో రక్తం లేదు.

ఈసారి డాక్టరమ్మ పిల్లని కాదు, తండ్రిని ఎగాదిగా చూసింది. "మీరేం పని చేస్తారు?"

మేస్త్రి చెప్పాడు.

"ఆ చెవి వెనక తెల్లగా ఉందే, అదేంటి?"

చెవి వెనక, కనుబొమల్లో, గోళ్ళ సందుల్లో, చొక్కా కుట్ల మడతల్లో, అంతా మైదాపిండే. పాపం, ఆ మనిషి బిడ్డని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నప్పుడల్లా పెట్టింది అదే. ఆ రోజు ఇంటికొచ్చి, చాలాసేపు పెరట్లో చేతులు కడుక్కుంటూనే ఉండిపోయాడు. "పని మానేస్తాను," అన్నాడు.

"మానేసి ఏం చేస్తారు? ఇంట్లో కూర్చుని నన్ను సతాయిస్తారు. మీకు ఇంకో పని వచ్చా? రాదు. స్నానం చెయ్యడం వచ్చు కదా, చాలు," అంది భార్య.

అప్పటినుంచి ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ మేస్త్రి పిల్లని ముట్టుకోడు. దుకాణంలోనే కడుక్కుని రావచ్చుగా అంటారేమో, అదీ చూశాడు. ఆ గదిలో గాలే పిండి. తల తుడుచుకుని గుమ్మం దాటేలోపు మళ్ళీ తెల్లబడతాడు.

తల్లికి సాయంత్రం డ్యూటీ, కాబట్టి బడి నుంచి పిల్లని తీసుకురావాల్సింది అతనే. గేటు తియ్యగానే చిటికె "నాన్నా!" అని బాణంలా వచ్చేది. అతను అరచెయ్యి చూపించి "ఆగు!" అనేవాడు. మొదట్లో ఏడ్చేది. తర్వాత తర్వాత ఆ మాట వినబడితే చాలు, బూట్లు నేలకి రాసుకుంటూ ఉన్నచోటే ఆగిపోవడం నేర్చుకుంది. ఆగి, తల ఎత్తి అడిగేది. "స్నానం చేశావా?"

"లేదు తల్లీ. ఇంటికెళ్ళి చేస్తా."

రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునే వీల్లేదు కాబట్టి, తల్లి పాత గుడ్డతో ఒక పట్టీ కుట్టి ఇచ్చింది. ఎర్ర ముడి ఉన్న కొస నాన్నది, పచ్చ ముడి ఉన్న కొస చిటికెది. ఇద్దరూ ఆ పట్టీకి చెరో చివరా నడుచుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు. చూసినవాళ్ళకి అదో ఆటలా ఉండేది, నవ్వేవాళ్ళు. మేస్త్రి కూడా నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి. కానీ గేటు దగ్గర మిగతా నాన్నల మీంచి అతని చూపు మళ్ళేది కాదు. వాళ్ళు పిల్లల డబ్బాలు మూత తీసి, మిగిలిన ముక్క నోట్లో వేసుకునేవాళ్ళు. సగం కొరికిన పండు పిల్ల చేతిలోంచి లాక్కుని తినేవాళ్ళు. బిడ్డ ఎంగిలి తినడం కూడా ఒక భాగ్యమని వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. ఊరందరికీ వండిపెట్టే తన చేత్తో ఒక్కటంటే ఒక్కటి చేసి పెట్టాలి, అది చిటికె కొరకాలి, ఆ కొరికింది తను తినాలి. మేస్త్రికి ఉన్న ఆశంతా అంతే.

చిటికె పుట్టినరోజు దగ్గరపడుతుండగా టీచరమ్మే అడిగింది. "బయటి తిండి తేవద్దంటాం గానీ, ఈసారి పాప కోసం మీరే ఏదైనా చేసి తేకూడదూ? అందరూ అదే తింటారు. ఆ రోజుకి కిటికీ బల్లని పొడుగు బల్లకి కలిపేద్దాం."

ఇక చూడండి మేస్త్రి హడావుడి! దుకాణంలో సెలవు అడిగాడు. కొత్త గిన్నె, కొత్త గరిటె, కొత్త గుడ్డ కొన్నాడు. బియ్యం ఇంట్లోనే కడిగి, ఆరబెట్టి, దంచాడు. ముందురోజు తలస్నానం, ఆ పొద్దున మళ్ళీ తలస్నానం. "పెళ్ళినాడు కూడా ఇంత రుద్దుకోలేదు మీరు," అంది భార్య. మగ్గిన అరటిపళ్ళు, గుడ్లు, వెన్న, బియ్యప్పిండి కలిపి, ఇంట్లో చిన్న ఓవెన్‌లో పెట్టాడు. వాసనకి చిటికె వంటింటి గుమ్మంలోంచి కదిలితే ఒట్టు. "అది నాకేనా? నేను తినొచ్చా? నిజంగా?" అని అడిగిందే అడిగింది. "నీకే తల్లీ, ముందు నీకే," అన్నాడు మేస్త్రి. స్నానం చేసి ఉన్నాడు కాబట్టి ఎత్తుకుని మరీ అన్నాడు.

బడిలో పొడుగు బల్ల పక్కకి కిటికీ బల్ల జరిగింది. చిటికె మధ్యలో కూర్చుంది, అటు ఒక పిల్ల, ఇటు ఒక పిల్లాడు, మోచేతులు తగిలేంత దగ్గరగా. మేస్త్రి టిన్ను బోర్లించి పైన ఒక్కటి తట్టాడు. కేకు అద్దంలా నున్నగా ఊడి పళ్ళెంలోకి దిగింది. పిల్లలంతా "హో!" అన్నారు. మొదటి ముక్క కోసి చిటికె చేతిలో పెట్టాడు. అందరికీ ఇచ్చాకే తినాలని టీచరమ్మ అంటే, ఆ పిల్ల ముక్కని రెండు చేతులా పట్టుకుని, కళ్ళార్పకుండా కూర్చుంది.

ఆయమ్మ ముక్కలు పంచుతూ ఖాళీ టిన్ను లోపలికి తొంగి చూసింది. "ఏం మాయ చేశావయ్యా మేస్త్రీ! అడుగున ఒక్క పెచ్చు అంటుకోలేదు. నేను చేస్తే సగం గిన్నెకే పోతుంది."

పొగడ్తకి పొంగని పనివాడెవడు? మేస్త్రి చాతీ విరుచుకుంది. "మా గురువుగారి టిన్నమ్మా అది. నాకు పని నేర్పి, వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళాడు. దానికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు తగల్లేదు. కడిగితే పాడైపోతుంది. నూనెగుడ్డతో తుడవడమే. దుకాణంలో రోజూ ఇంత వెన్న రాసి, పైన ఇంత మైదా చల్లి..."

మాట అక్కడే ఆగిపోయింది. గిన్నె కొత్తది, గరిటె కొత్తది, గుడ్డ కొత్తది. టిన్ను మాత్రం కొత్తది కొనాలన్న ఆలోచనే రాలేదు. అది సామాననే అతనికి ఎప్పుడూ అనిపించలేదు, తన చేతికి ఆరో వేలన్నట్టే బతికాడు. అంచు మడతలో, అతుకుల్లో, ఏళ్ళ తరబడి పేరుకున్న మైదా. తుడిచి మెరిపించి, శుభ్రంగా ఉందనుకున్నాడు!

అందరికీ ముక్కలు అందాయి. టీచరమ్మ తలూపింది. చిటికె నోరు తెరిచింది.

"ఆగు!"

గది మొత్తం ఉలిక్కిపడింది. ఒక పిల్లాడు భయపడి ఏడుపు లంకించుకున్నాడు. చిటికె ఒక్కతే భయపడలేదు. రోజూ గేటు దగ్గర ఆగినట్టే ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, ముక్క పెదాల దాకా వచ్చే ఉంది. ప్రతి సాయంత్రం తన నోటితో అనలేక అనలేక అన్న ఆ పాడు మాట, ఇవాళ బిడ్డని కాపాడింది. మేస్త్రి వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెట్టెయ్ తల్లీ. తినకు."

చిటికె ముక్కని పళ్ళెంలో పెట్టి, చేతులు దేనికీ తగలకుండా గాల్లోకి ఎత్తి పట్టుకుంది. అలా పట్టుకోవాలని ఆ పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తండ్రిని చూసి, కేకుని చూసి అడిగింది. "కేకు స్నానం చెయ్యలేదా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "నేనే చేయించలేదు."

"అయితే రేపు చేయించు," అంది చిటికె. ఆయమ్మ తీసుకెళ్ళి చేతులు కడిగించింది. మిగతా పిల్లలు కేకు తింటూనే ఉన్నారు, వాళ్ళకేం, హాయిగా తిన్నారు. చిటికె తన కుర్చీ తనే లాక్కుంటూ కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. మేస్త్రి చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, ఆ బుల్లి కుర్చీల్లో ఒకదాని మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, ఆమె పక్కనే కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు టీచరమ్మ అంది. "బాధపడకండి. ఈ వయసు పిల్లలకి తేదీల గోలేం తెలుసు? రేపు కూడా పుట్టినరోజే అందాం."

ఆ సాయంత్రం భార్య డ్యూటీ దిగి వచ్చి, అతను చెప్పిందంతా విన్నది. తర్వాత అంది. "ఆ టిన్నునే పెళ్ళి చేసుకోవాల్సింది మీరు." అని సంచీలోంచి కొత్త టిన్ను తీసి బల్ల మీద పెట్టింది. ఆయమ్మ బస్టాండు మీదుగా ఇంటికి పోతూ ముందే చెప్పేసిందట. చిటికె ఆ టిన్నుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, తన సబ్బుతో తనే రుద్ది, నీళ్ళు పోసి, తన తువాలుతో తుడిచింది.

పొద్దున్నే లేచి మేస్త్రి మళ్ళీ చేశాడు. కొత్త టిన్ను కదా, కేకుని పట్టుకుని వదల్లేదు. తట్టినా రాలేదు, కత్తి పెట్టి లేపితే ముక్కచెక్కలైంది. పిల్లి తొక్కిపోయినట్టున్న ఆ కేకుని చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇది నా చేత్తో చేశానని చెప్పకు," అన్నాడు భార్యతో.

"అదెలా ఉంటే ఏం! పిల్ల చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది," అని ఆవిడ డబ్బాలో సర్దుకుని, పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రికి ఇంకో రోజు సెలవు లేదు. తన బిడ్డ తన చేతి కేకు తినడం ప్రపంచంలో అందరూ చూస్తారు, తను తప్ప. భట్టీ ముందు నిలబడ్డాడన్న మాటే గానీ ఆ రోజు అతని మనసు పని మీద లేదు. ఒక వాయి రొట్టెలు మాడ్చేశాడు.

సాయంత్రం గేటు తెరుచుకుంది. చిటికె పరిగెత్తుకొచ్చింది. మేస్త్రి చెయ్యి ఎత్తేలోపే తనే ఆగింది.

"పొడుగు బల్ల దగ్గరే తిన్నదయ్యా," అని వెనకనుంచి ఆయమ్మ అరిచింది. "పక్కవాడి మీద కాలేసుకుని మరీ తిన్నది!"

చిటికె సంచీలోంచి డబ్బా తీసింది. మూత విప్పి, గోడ గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. లోపల ఒక ముక్క ఉంది. దానికి ఒక పక్కన చిన్న చిన్న పళ్ళ గుర్తులు.

"నీకే. బావుందో లేదోనని నేను కొరికి చూశా. బావుంది. తిను."

మేస్త్రి ముందుకొచ్చి ఆ ముక్క తీసుకున్నాడు. పళ్ళ గుర్తులున్న వైపే ముందు కొరికాడు. తీపి కాస్త తక్కువైంది, అరటిపండు కాస్త ఎక్కువైంది, ఇంకొకడు చేసి ఉంటే దుకాణం గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. కళ్ళు మూసుకుని నమిలాడు. రజను కూడా వదల్లేదు, వేళ్ళు నాక్కున్నాడు.

"బావుందా?" అంది చిటికె.

"చాలా బావుందమ్మా," అన్నాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకోబోయి, పిండి గుర్తొచ్చి మానేశాడు.

సంచీలోంచి పట్టీ బయటికొచ్చింది. ఎర్ర ముడి అతను పట్టుకున్నాడు, పచ్చ ముడి చిటికె పట్టుకుంది. రోజూ అతను ముందు, ఆమె వెనక. ఇవాళ పిల్లే ముందుకి పడింది.

"తొందరగా నడు నాన్నా," అంటూ పట్టీ లాగింది చిటికె. "నువ్వింకా స్నానం చెయ్యాలి కదా!"