రాయనివ్వని డిస్కు, లచ్చన్న కోపం

నిన్న ఆఫీసులో పాత కంప్యూటర్ మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. గోదావరిఖనిలో లచ్చన్న నడిపిన పెళ్లి వీడియోల దుకాణం గుర్తొచ్చింది. మూసిన కిటికీ సందుల్లోంచి కూడా బొగ్గుపొడి దూరే ఊరు. యంత్రాలను రోజూ తుడిచేవాణ్ని. తుడవకపోతే లచ్చన్న తిట్టేవాడు, తుడిస్తే పని ఆపినందుకు తిట్టేవాడు.

నాకు తొలి జీతం ఇచ్చిన మనిషి లచ్చన్న. తెలంగాణ రాకముందు సంగతి. కంప్యూటర్ల గురించి నాకు తెలిసిందంతా గ్రంథాలయం చలవే. అక్కడి లినక్స్ పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాను. ఆ గర్వంతోనే దుకాణంలో రెండు హార్డ్ డిస్కులను జోడుగా పెట్టించాను. ఒకదానిలో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే పడుతుంది. ఒకటి పోయినా ఫికర్ లేదని లచ్చన్నకు నచ్చజెప్పింది నేనే.

ఒకటి పోయింది. మిగిలిన డిస్కులోని వీడియోలు తెరపై కనిపిస్తున్నాయి గానీ, కొత్తగా ఒక్క అక్షరం రాయనివ్వడం లేదు. జోడు లేనిదే రాయనని యంత్రం మొండికేసింది. ఆ రోజే రాయమల్లు కాకకు కూతురి పెళ్లి డీవీడీ ఇవ్వాలి. ఆయన గని కార్మికుడు. ఆ కూతురి పెళ్లయిన కొద్దిరోజులకే ఆయన భార్య చనిపోయింది. కెమెరా కార్డు మీద అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కింది. ఆమె నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఇక ఆ ఒక్క డిస్కులోనే.

పొద్దుటి నుంచి ఆదేశాలు మార్చి మార్చి కొట్టాను. ఆపి మళ్లీ పెట్టాను. ఎన్నిసార్లు చేసినా ఒకటే జవాబు: చదవడానికి మాత్రమే. చివరికి బలవంతంగా రాయించే ఆదేశం టైపు చేసి మీట నొక్కబోతుంటే లచ్చన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"రిపేరన్నా. బలవంతంగ రాయిస్తే దారికొస్తది. పుస్తకంల ఉన్నది."

"రాకపోతే?"

ఉన్నదీ పోవచ్చని ఆ ఆదేశం కింద పుస్తకంలో హెచ్చరిక కూడా ఉంది. మీట మీంచి వేలు తీశాను.

"సూడనిస్తున్నదా లేదా?"

"సూడనిస్తున్నది."

"మరి నీకేం రోగం? ముందు ఉన్నదంత వేరే డిస్కుల ఎక్కియ్యి. మా నాయిన గనిల కప్పుకు గుంజలు పెట్టెటోడు. రెండిట్ల ఒకటి ఇరిగితే, ఉన్నదాన్ని గుద్ది సూత్తరారా? పక్కపొంటి కొత్తది నిలవెట్టినంకనే తక్కిన పని. మీ లైబ్రరీల గిది రాయలేదా?"

ఒళ్లు మండింది. క్షణంలో తేలే పనికి పూటంతా కాపీ! అది ముగిశాక వీడియో మొత్తం కూర్చొని చూడమన్నాడు.

"ఫైలు సైజు సరిపోయిందన్నా."

"సైజు సూసి పిల్లనిత్తరా? సూడు."

కాక వచ్చేసరికి మేమింకా చూస్తూనే ఉన్నాం. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తెరపై ఆయన భార్య కెమెరాను కసురుతోంది: "నన్నేం దీస్తవ్ కొడుకా, పిల్లను దియ్యి." తర్వాత పక్కకు తిరిగి, పందిట్లో ఎక్కడో ఉన్న భర్తను కేకేసింది: "ఓ అయ్యా, నువ్వు తిన్నవా లేదా?"

"తిన్న" అన్నాడు కాక, గుమ్మంలోంచి.

లచ్చన్న ఆయన వైపు చూడలేక నా మీద పడ్డాడు: "కుర్సీ ఎయ్యవేందిరా కాకకు!"

నా ఆదేశం పనిచేసేదనే ఇప్పటికీ నా వాదన. ఆ డిస్కును తర్వాత చెరిపి కొత్త జోడు కట్టాం కాబట్టి అది తేలే దారి లేదు. లచ్చన్నా నేనూ ఎన్నిసార్లు వాదించుకున్నా తెగలేదు. అయినా యంత్రం ఏదైనా మొరాయిస్తే, అది చెయ్యనివ్వని పని మీద మండిపడే ముందు, ఏం చెయ్యనిస్తోందో చూస్తాను. దక్కిందాన్ని ముందు వేరేచోట కాపీ చేయిస్తాను. నా దగ్గర పనిచేసేవాళ్లు విసుక్కుంటారు. వాళ్ల మీద నేనూ విసుక్కుంటాను. ఆ విసుగు మాత్రం అచ్చంగా లచ్చన్నదే.