చెవులు కుట్టుడు అనుకున్న మాట

కోరుట్లలో ఉండే మా పెద్దమ్మ కొడుకు లచ్చన్న పదకొండేళ్లు గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చాడు. అక్కడ తన గదిలో ఉన్న సూడాన్ మనిషి ఇద్రిస్ గురించి ఫోన్‌లో సగం చెప్పి, "మిగిలింది ఫోన్ల చెప్పేది కాదు, రా తమ్మీ" అన్నాడు. అందుకే బయలుదేరాను.

సిరిసిల్లలో పొద్దున ఏడింటికి బస్సెక్కితే వేములవాడ అరగంట ప్రయాణం. అక్కడ కోరుట్ల బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. సోమవారం కావడంతో స్టాండంతా భక్తులే. "గుడికి పోకుంట వేములవాడ దాటేటోన్ని నిన్నే చూస్తున్న," అని కండక్టర్ నవ్వాడు. టికెట్ వంద రూపాయల లోపే. పది దాటాక లచ్చన్న ఇంటికి చేరాను.

వదిన చాయ్ ఇచ్చి అక్కడే కూర్చుంది. లచ్చన్న మొదలుపెట్టాడు.

"మీ దిక్కు చిన్న ఆడివిల్లలకు కోస్తరా అని ఇద్రిస్ అచ్చీరాని హిందీల అడిగిండు. నేను చెవులు కుట్టుడు అనుకున్న. 'చేస్తం, మేనమామ ఒళ్లె కూసోబెట్టి, సుట్టాలకు దావత్ ఇస్తం' అన్న. గాయిన మొకం వాడిపోయింది. 'మీరు గూడనా' అన్నడు."

ఇద్రిస్ అడిగింది ఆడపిల్లల మర్మాంగాన్ని కోసే ఆచారం గురించి. సూడాన్‌లో అతని తల్లి, ఇద్రిస్ ఏడేళ్ల కూతురికి ఆ వారమే చేయించాలని మంత్రసానితో మాట్లాడింది. ఇద్రిస్‌కు సెలవు దొరకలేదు.

"గదిల ఆళ్ల దేశపోల్లు ఇంకిద్దరుండిరి. 'గది ఆడోళ్ల పని, మనకెందుకు' అన్నడు ఒగడు. మహమూద్ అనేటోడు 'రేపు దాన్నెవడు చేసుకుంటడు' అన్నడు. ఇద్రిస్ అందరి ముంగటనే తల్లికి ఫోన్ చేసిండు. ఏమన్నడో నాకు తర్వాత చెప్పిండు. 'అమ్మా, నా బిడ్డను ముట్టద్దు. నేను ఊకుంటె గా కత్తి నేను పట్టినట్టే. పెండ్లి గాకుంటె నా ఇంట్లనే ఉంటది' అన్నడట. తల్లి ఆర్నెల్లు మాట్లాడలే. పిల్లనైతే ముట్టలే."

"పదకొండేండ్లు ఎండల ముచ్చటే చెప్పినవ్, గిది చెప్పలే," అంది వదిన.

"ఎట్ల చెప్త? నోరు రావద్దా?"

ఆ రోజు నుంచి మహమూద్ ఇద్రిస్‌తో ఒకే పళ్లెంలో తినడం మానేశాడట. నెల తర్వాత తనే వచ్చి పక్కన కూర్చున్నాడట. "నా బిడ్డకు ఆరేండ్లు. మీ అమ్మకు ఏమని చెప్పినవో నాకు నేర్పు" అన్నాడట.

తిరుగు బస్సులో ఇద్రిస్ గురించే ఆలోచించాను. చేతిలో ఫోన్ తప్ప మరేమీ లేని మనిషి, కన్నతల్లికీ గదిలోవాళ్లకూ ఎదురు నిలిచాడు. అలాంటి మాట అనవలసిన సందర్భాలు నాకూ వచ్చాయి. నేను అనలేదు.

ఈ ఊళ్లకు వచ్చేవారికి ఒకటే చెప్పగలను. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషిని ఏం తెచ్చావని అడక్కండి. గదిలో ఎవరెవరు ఉండేవారో అడగండి. తర్వాత తొందరపెట్టకుండా కూర్చోండి.