ఆదివారానికో పాఠం

2023లో నేను హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని. హాస్టల్ విద్యార్థులకు రోజూ విమానం దొరికేది. ఇంటి నుంచి వచ్చేవాళ్లకు ఆదివారం మాత్రమే. లాడ్ బజార్లో లక్క గాజులు చేసే కుటుంబం నుంచి వచ్చిన షబానా ఈ రెండో రకం. వాన పడితే ఆ ఆదివారమూ పోయేది.

మూడు వారాల తర్వాత వచ్చినప్పుడల్లా ఫ్లేర్ తప్పేది. ఫ్లేర్ అంటే చక్రాలు రన్‌వేను తాకేముందు విమానం ముక్కును కొద్దిగా ఎత్తడం. అది చేతికి అలవాటు కావాలి, పుస్తకం చదివితే రాదు. ఓ రోజు విమానం దబ్బున పడి ఎగిరింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచాను.

"పోయినసారి మంచిగనే వచ్చింది సార్. నడుమల ఇరవై రోజులాయె," అంది.

ఆ మాట నా చెవికెక్కలేదు. ట్రైనింగ్ రికార్డులో 'నిదానంగా నేర్చుకుంటుంది' అని రాసి సంతకం పెట్టాను.

ఆ వాక్యం చూపించి, షబానా నెలాఖరులోగా సోలో చేయకపోతే, అంటే ఒంటరిగా విమానం నడపకపోతే, కోర్సు నుంచి తీసేస్తానన్నాడు మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. అప్పుడు రికార్డు మొదటి నుంచి చూశాను. ఐదు నెలల్లో పదకొండు పాఠాలు. నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. చీఫ్‌ని బతిమాలి వరుసగా పది రోజులు విమానం ఇప్పించుకున్నాను.

కానీ అది పెళ్లిళ్ల సీజను, దుకాణం చూసేది షబానాయే. వాళ్ల నాన్నను అడగడానికి నేనే వెళ్లాను.

"నిదానమని మీరే రాసిన్రంట గదా సార్. పది రోజులల్ల ఏమైతది?" అన్నాడాయన.

తల దించుకుని ఆదివారాల సంగతంతా చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"లక్క వేడి మీదుండంగనే వంచాలె. చల్లారినంక మళ్ల నిప్పుల కాడికే. గింత ముచ్చట మీ స్కూలోళ్లకు ఎర్క లేదా? రేపటి సంది పంపుత."

ఏడో రోజు నేను విమానం దిగి తలుపు మూశాను. షబానా ఒంటరిగా ఎగిరి, రన్‌వే చుట్టూ ఒక చుట్టు తిరిగి, కుదుపు లేకుండా దించింది.

ఆ సాయంత్రం రికార్డులో నా మాట కొట్టేస్తానంటే చీఫ్ ఒప్పుకోలేదు. "సోలో అయిపోయింది గదా, ఇంకేం లొల్లి?" అన్నాడు. నేను రికార్డు అక్కడే పెట్టి బయటికొచ్చాను. రేపు ఆమె ఏ ఉద్యోగానికి వెళ్లినా ఆ కాగితం వెంట పోతుంది. తప్పు స్కూలుది, మచ్చ ఆమెకు, సంతకం నాది.

ఇప్పుడు ఎవరి గురించి రాయాలన్నా, పాఠానికీ పాఠానికీ మధ్య ఎన్ని రోజులు పోయాయో ముందు చూస్తాను. అయినా నా మీద నాకు కోపం చల్లారలేదు. ఆ పిల్ల మీద అంత గట్టిగా లేచిన నా గొంతు, చీఫ్ ముందు లేవలేదు.