మూసిన గదిలో గాలి రీడింగు

దయ్యాల కథలంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. భయం కాదు, విసుగు. నా పనే ఇళ్లలో చెమ్మ, బూజు, గాలి పరీక్షించడం. "మా ఇంట్లో ఏదో ఉంది మేడం" అని పిలిచిన ప్రతి ఇంట్లోనూ నాకు దొరికింది కారే పైపో, గాలాడని బాత్రూమో, అటక మీద చచ్చిన ఎలుకో. కాబట్టి నన్ను దయ్యాలను నమ్మే గుంపులో కలపకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది నిజామాబాద్‌లో చిన్న ప్రైవేటు ల్యాబ్. ఇంతకుముందు బోరు నీళ్లు పరీక్షించేదాన్ని. ఇప్పుడు గాలి కూడా నా నెత్తినే పడింది. నడి వయసు దాటింది, మోకాళ్లు సహకరించవు, బ్యాగు బరువు మాత్రం తగ్గదు. పోయిన వానాకాలం చివర్లో ఒక పిల్లల డాక్టరు ఫోన్ చేసి, బోధన్‌లో ఒక ఇల్లు చూసి రమ్మన్నారు.

ఆ ఇంట్లో అక్షిత అని ఏడేళ్ల పాప. రెండు నెలల్లో మూడుసార్లు ఊపిరి అందక ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తల్లి సుజాత, నాయనమ్మ రాజవ్వ ఇద్దరూ ఇంట్లోనే బీడీలు చుడతారు. తండ్రి వరికోత మిషన్ డ్రైవరు, సీజన్‌లో ఇంటి పట్టున ఉండడు. డాక్టరు అనుమానం బీడీల తంబాకు దుమ్ము మీద. అదే నిజమైతే ఆ ఇద్దరి పని పోతుంది. కాకపోతే మరేమిటో తేలాలి, అదీ త్వరగా. నాలుగోసారి వస్తే తన వల్ల కాదని, హైదరాబాద్ తీసుకుపోవాల్సిందేనని ఆయన ముందే చెప్పేశారు.

ఇల్లు చూడగానే సగం అర్థమైంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పనివాళ్ల కోసం ఎవరో సేటు కట్టించిన లైన్ ఇళ్లు అవి. ఒకే పెంకు కప్పు కింద గోడకు గోడ ఆనించి పన్నెండు ఇళ్లు. ఒక్కో ఇంటికి ముందు వసారా, ఒక గది, దాని వెనక ఇంకో గది. గోడలు నడుము ఎత్తు దాకా చెమ్మ తాగి ఉన్నాయి.

వెనక గదికి తాళం వేసి, తలుపుకు అడ్డంగా తుమ్మకొమ్మ కట్టి ఉంది. ఇది తెరవాలి కదా అన్నాను. సుజాత అత్త వైపు చూసింది.

"ఎండకాలంల మా ముసలాయన గీ అర్రలనే పోయిండు బిడ్డా," అంది రాజవ్వ. "నచ్చత్రం మంచిది కాదన్నడు అయ్యగారు. ఆరు నెలలు ఇల్లు పాడువెట్టాలె అన్నడు. ఇల్లిడిసి యాడికి పోతం? గందుకే అర్ర మూసినం. ఇంక రెండు నెలలున్నది. నడుమల తెరిస్తే పసిపిల్లకే తాకుతదట."

చావు జరిగిన ఇంటిని అలా కొన్ని నెలలు ఖాళీగా వదిలేయడం మా వైపు ఉన్నదే. వేరే ఇల్లు లేనివాళ్లు ఒక్క గదితో సరిపెట్టుకుంటారు. పాత పెంకు కప్పు, ఒక్క కిటికీ, దానికి లోపలి నుంచి గోనెసంచి కొట్టి, వానాకాలమంతా మూసిపెట్టారు. పిల్లను కాపాడాలని మూసిన గదే పిల్ల ఊపిరి తీస్తోందని నాకు పరీక్ష చేయకుండానే తెలుసు. కానీ నా మాటకు విలువ లేదు, కాగితానికి ఉంది.

వాదించే ఓపిక నాకు లేదు. తలుపు పైన చిన్న వెంటిలేటర్ ఉంటే, దాంట్లోంచి నా పరికరాలు లోపలికి దింపుతానన్నాను. రాజవ్వ దానికి ఒప్పుకుంది. బీడీలు చుట్టే పాత చాట ఒకటి తనే తెచ్చి ఇచ్చింది. దానికి నాలుగు వైపులా తాడు కట్టి, గాలిలోని బూజును పట్టే ప్లేటు, గాలి మీటరు అందులో పెట్టి, స్టూలెక్కి లోపలికి దింపాను. రెండో మీటరు ముందు గదిలో పెట్టాను. వసారాలోనూ, ముందు గదిలోనూ ప్లేట్లు పరిచాను. గంట తర్వాత ప్లేట్లు తీసుకున్నాను. మీటర్లు మర్నాటి దాకా ఉంచాను.

ఆ మీటరు గురించి కొంచెం చెప్పాలి. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా. బయటి గాలిలో మీటరు నాలుగు వందల పైచిలుకు చూపిస్తుంది. మూసిన గదిలో మనిషి పడుకుంటే అది మెల్లగా పెరుగుతుంది. లేచి బయటికి పోతే దిగుతుంది. ఆ ఎక్కడం దిగడం ఫోన్‌లో ఒక గీతలా కనిపిస్తుంది. ఎన్నో ఇళ్లలో చూశాను, ఆ గీత నాకు చేతిరాత గుర్తుపట్టినట్టు తెలుస్తుంది.

మర్నాడు సాయంత్రం రెండు మీటర్ల లెక్కా ఫోన్‌లో చూశాను. ముందు గదిలో ముగ్గురు పడుకున్నారు, రాత్రంతా గీత పైకెక్కి తెల్లారి తలుపు తీయగానే పడిపోయింది. అది మామూలే. వెనక గదిలో రాత్రంతా గీత నేలకు కరుచుకుని ఉంది. పొద్దున ఆరున్నరకు లేవడం మొదలుపెట్టింది. పన్నెండింటికి పద్దెనిమిది వందలు దాటింది. మధ్యాహ్నం రెండింటి నుంచి దిగింది.

మీటరు చెడిందనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. రెండు మీటర్లూ అటుదిటు మార్చి ఇంకో రోజు పెట్టాను. అదే గీత. ఆరున్నర, రెండు.

ముందు గది గాలి సందుల్లోంచి పోయిందా అంటే, అప్పుడు రాత్రి పెరగాలి, పగలు కాదు. పక్కింటికి ఏడాదిగా తాళం. వెనక మురుగు పారే మోరీ సందు. పొయ్యి వసారాలో ఉంది. పిల్లులు దూరే సందు లేదు, చుట్టూ తిరిగి చూశాను. బూజు కూడా కాస్త గాలి వదులుతుంది నిజమే, కానీ బూజుకు డ్యూటీ టైము ఉండదు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా అదే ఆలోచన. చిరాకేసింది నా మీద నాకే.

ఐదో రోజుకు ప్లేట్లు తేలాయి. వసారాలో, అంటే తంబాకు ఉన్నచోట, పెద్దగా ఏమీ లేదు. ముందు గదిలో పాప పడుకునే గోడ పక్కన బూజు బాగానే ఉంది. వెనక గది ప్లేటు మొత్తం నల్లగా, పచ్చగా అల్లుకుపోయింది. రిపోర్టు, ఆ ప్లేటు తీసుకుని బోధన్ బస్సెక్కాను.

గది ఇప్పుడే తెరవాలని చెప్పాను. రాజవ్వ ప్లేటు వైపు చూసి, "రెండు నెలలే గదా బిడ్డా, గంతదాంక పిల్లను బయట పండవెడతం," అంది. సుజాత కళ్లనిండా నీళ్లు. ఆ మూడుసార్లూ పాపను ఆటోలో ఒళ్లో వేసుకుని పోయింది ఆమే.

అప్పుడు రాజవ్వ నా ఫోన్‌లో గీత చూసి, అదేమిటని అడిగింది. నేను అలసిపోయి ఉన్నాను. నోరు జారాను. ఎవరైనా మూసిన గదిలో పడుకుంటే గాలి ఇలా పాడవుతుందవ్వా, పొద్దున ఆరున్నర నుంచి రెండింటి దాకా అన్నాను.

ఆమె చేతిలో బీడీ ఆకు ఆగిపోయింది.

"మామయ్య రైస్ మిల్లుల రాత్రి వాచ్‌మెన్, మేడం," అంది సుజాత నెమ్మదిగా. "పొద్దుగాల ఆరింటికొచ్చి, రెండింటిదాంక పండేటోడు."

నాలుక కొరుక్కోవాలనిపించింది. ఇంక ఈ ముసలామె చచ్చినా తలుపు తీయనివ్వదు, పిల్ల పని నా చేతులతో నేనే చెడగొట్టాను అనుకున్నాను. మీటరు తప్పు కావచ్చవ్వా అని ఏదో సర్దబోయాను. ఆమె వినలేదు.

"గీ అంకె పెరిగితే మనిషికి ఏమైతది?" అంది.

తల బరువెక్కుతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది అని చెప్పాను. రాజవ్వ తాళం వేసిన తలుపు వైపు తిరిగింది.

"కిటికీ తెరవంది ఆయనకు నిద్ర పట్టకపోయేది. గోనెసంచి నేనే కొట్టిచ్చిన," అంది. "గాలి లేకుంట పండవెట్టిన ఇన్ని దినాలు. పిల్లను సుత గట్లనే వెట్టిన." తర్వాత కోడలితో, "రేపు మేస్త్రీని పిలువు," అంది.

పని జరిగే రోజు దుమ్ము లేస్తుంది కాబట్టి పాపను ముందే చందూర్‌లో మేనత్త ఇంటికి పంపించమన్నాను. నేనూ మాస్కులు పట్టుకుని పోయాను. పది గంటలకు మేస్త్రీ వచ్చాడు. రాజవ్వ అతన్ని వెనక సందులోకి తీసుకుపోయి, కిటికీ చువ్వల్లోంచి గోనెసంచి మాత్రం ఊడబీకించింది. తలుపు దగ్గరికి రానివ్వలేదు.

"రెండు దాటినంక తెరువుండ్రి," అంది.

ఎందుకని ఎవరం అడగలేదు. మేస్త్రీ వసారాలో కూర్చుని ఫోన్‌లో గట్టిగా మరాఠీలో మాట్లాడుతుంటే, నెమ్మదిగా మాట్లాడమని సైగ చేసింది రాజవ్వ కాదు, సుజాత కాదు. నేను. చేశాక తెలిసింది చేశానని.

రెండు దాటాక రాజవ్వ తుమ్మకొమ్మ విప్పి, తాళం తీసి, తలుపు మీద రెండుసార్లు తట్టింది. "లే అయ్యా. రెండైంది," అంది.

లోపల ఎవరూ లేరు. మంచం గోడకు నిలబెట్టి ఉంది, మీద దుమ్ము అలాగే ఉంది. గోడ మనిషెత్తు దాకా నల్లగా ఉంది. ముక్కు పగిలే వాసన. సాయంత్రానికల్లా మేస్త్రీ ఆ సున్నమంతా గీకేశాడు.

పది రోజుల తర్వాత పాప తిరిగొచ్చింది. మళ్లీ ఆక్సిజన్ అవసరం పడలేదు. అత్తాకోడళ్లు వసారాలో బీడీలు చుట్టుకుంటూనే ఉన్నారు. కారణం బూజేనని డాక్టరు అన్నారు, నేనూ అదే రాశాను, అది నిజం కూడా. గీత సంగతి రిపోర్టులో రాయలేదు. రెండు మీటర్లూ కంపెనీకి పంపిస్తే ఏ లోపమూ లేదని తిప్పి పంపారు.

అది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారి ఒకటుంది. ఆ కిటికీ ఒక్క రోజు మూసి, మళ్లీ మీటరు పెట్టాలి. తర్వాత రెండుసార్లు ఆ ఇంటికి పోయాను, రెండుసార్లూ మీటరు బ్యాగులోనే ఉంది. కిటికీ మూయమని రాజవ్వను అడగడానికి నాకు నోరు రాలేదు.