కొండలయ్య దొడ్డికి స్టే

గొర్రె నడక చూసి దాని రోగం చెప్పగలిగే మనుషులు మర్రిపాడు మండలంలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లలో కొండలయ్య ఒకడు. అరవై దాటాయి. గొర్రెల గురించి ఎంత తెలుసో కోర్టుల గురించి అంత తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియకపోవడమే ఆయన కొంప ముంచింది.

ఇంటి పక్కన వాళ్ల నాయన కట్టిన గొర్రెల దొడ్డి ఉంది. చుట్టూ రాళ్లు, రాళ్ల మీద ముళ్లకంప. ఆ స్థలం తనదని అదే ఊరి చెంచురామయ్య ఆత్మకూరు కోర్టులో దావా వేసి గెలిచాడు. రెండు నెలల్లో ఖాళీ చేయాలని తీర్పు. తీర్పు వచ్చిన నాలుగో వారంలో కొండలయ్య తరఫు వకీలు జయశ్రీ పై కోర్టులో అప్పీలు వేసింది. "స్టే పిటిషన్ కూడా వెయ్యాలి పెద్దాయనా, ఈ వారంలోనే రావాలి" అని మరీమరీ చెప్పింది.

ఆయన వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలో అర్థం కాలేదు. వాళ్ల ఊరి పంచాయితీలో ఓడినవాడు "పై పెద్దల దగ్గరికి పోతా" అంటే చాలు, వాళ్లు తేల్చేదాకా గెలిచినవాడు ఆ వస్తువు మీద చెయ్యి వెయ్యడు. ఊరి పంచాయితీకే అంత మర్యాద ఉంటే నల్లకోట్ల వాళ్లకు ఉండదా? పైగా అనంతసాగరంలో ఒక రైతుకు మంద కడతానని మాట ఇచ్చి ఉన్నాడు. కోత అయిన మళ్లలో గొర్రెలు పడుకుంటే పొలానికి ఎరువు. మందను తోలుకుని పోయి అక్కడే ఉండిపోయాడు.

అక్కడికి పోయిన నలభయ్యో రోజున జయశ్రీ ఫోను చేసింది. తీర్పులోని రెండు నెలల గడువు దాటింది, దొడ్డి స్వాధీనం చేయమని చెంచురామయ్య కోర్టుకెక్కాడు. మందను అల్లుడికి అప్పజెప్పి కొండలయ్య ఆత్మకూరుకు పరుగెత్తాడు.

"అప్పీలు వేసినాం గదమ్మా! మళ్లీ ఇదేంది?"

"అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు పెద్దాయనా. ఆపమని విడిగా అడగాలి. ఆపకపోతే మనకు పెద్ద నష్టమని చూపాలి. ఆలస్యం చెయ్యకూడదు, అది ఎటూ చేశాం. ఓడితే తీర్పుకు కట్టుబడతామని హామీ ఇవ్వాలి."

"హామీకి నా గొర్రెలుండాయి."

"గొర్రెలు చస్తాయి, అమ్ముడుపోతాయి. పొలం ఉన్నవాళ్లెవరైనా పూచీ ఉండాలి."

గొర్రెను నమ్మని కోర్టు ఏం కోర్టో ఆయనకు బోధపడలేదు. అయినా వేలు విడిచిన మేనమామ కొడుకు కామయ్యను బతిమాలి పూచీకి ఒప్పించాడు.

వాయిదా రోజున జడ్జిగారు నేరుగా ఆయన్నే అడిగారు. "దొడ్డి పోతే నీకేం నష్టమయ్యా?"

అంత పెద్దమనిషి తన గొర్రెల సంగతి అడగడంతో కొండలయ్య ఉబ్బిపోయాడు.

"నష్టమేముందయ్యా! నా గొర్రెలు యాడైనా పండుకుంటాయి. నలభై రోజులుగా అనంతసాగరం మళ్లల్లోనే ఉండాయి. ఒక్కటి తప్పిపోలేదు."

జయశ్రీ కళ్లు మూసుకుంది. అవతలి వకీలుకు లేచి నిలబడే శ్రమ కూడా లేకపోయింది. స్టే పిటిషన్ కొట్టేశారు.

బయటికొచ్చాక, "బాగానే చెప్పినా గదమ్మా?" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

"మరి దొడ్డి కోసం ఇంత తాపత్రయమెందుకు?" అంది ఆమె విసుగ్గా.

"యాభై గొర్రెలు వారంలో ఈనతాయి. కంపదొడ్డి లేకుంటే పసిపిల్లల్ని నక్కలు ఎత్తుకపోతాయి. ఒక్కటీ దక్కదు."

"అయ్యో, అదే కదా నష్టం! లోపల ఎందుకు చెప్పలేదు?"

"గొర్రె ఈనడం నష్టమెట్లయితాదమ్మా? అది లాభం గదా!"

ఆమెకు ఏడుపొచ్చింది. ఇంకా పైకి పోవచ్చు గానీ, దొడ్డి ఖాళీ చేయించే కోర్టు అమీను సోమవారమే వస్తున్నాడు.

సోమవారానికి మంద ఊరు చేరింది, పదకొండు పిల్లలు పుట్టాయి. అమీను చెప్పగానే కొండలయ్య ఎదురు మాట్లాడకుండా వాటిని ఒక్కొక్కటిగా దారి పక్కకు మోశాడు. చెంచురామయ్య తడికకు కొత్త తాళం వేసుకున్నాడు. కొండలయ్య జయశ్రీకి ఫోను చేశాడు.

"అప్పీలు ఇంకా ఉండాదామ్మా?"

"ఉంది పెద్దాయనా. గెలిస్తే దొడ్డి మళ్లీ నీకే ఇప్పిస్తారు."

"దొడ్డి ఇప్పిస్తారు, సరే." ఆయన గొంతులో కోపం లేదు, తెలియకే అడుగుతున్నాడు. "పిల్లల్ని ఎవరిప్పిస్తారమ్మా?"